మంచు దారి మొదట్లో లెక్క

ఈ శీతాకాలం కొన్ని ఆదివారాలు వాలంటీరుగా కొండ దారి మొదట్లో నిలబడి, పైకి వెళ్లేవాళ్లను లెక్కపెట్టాను. స్తంభానికి బిగించిన ఇన్‌ఫ్రారెడ్ కౌంటర్ మనిషి దాటగానే ఒక అంకె పెంచుతుంది. మంచు చరియల కింద కూరుకుపోతే ఎక్కడున్నారో సిగ్నల్ ఇచ్చే బీకన్ ఒంటి మీద ఉందా, సంచిలో పార, మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ (ప్రోబ్) ఉన్నాయా అన్నది మాత్రం మనమే అడగాలి.

ఒక కుర్రాడు "ఉందండీ" అన్నాడు. జాకెట్ జిప్ తీసి చూస్తే బీకన్ ఆన్ చేసే లేదు. వణికే వేళ్లతో స్విచ్ నొక్కాడు, లైటు వెలిగింది. నా గుండె మాత్రం చాలాసేపు దడదడలాడింది. మంచులో కూరుకుపోతే మొదటి 10, 15 నిమిషాలే కీలకం. రెస్క్యూ టీమ్ అంతలో రావడం కష్టం, పక్కనున్నవాళ్లే తవ్వి తీయాలి.

మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. స్కీయింగ్ చేసేవాళ్లకు ఇష్టమైన వాలూ దాదాపు అదే!

ఎంతమంది చనిపోయారో వార్తల్లో వస్తుంది. ఎంతమంది వెళ్లి క్షేమంగా తిరిగొచ్చారో తెలియకపోతే, మన హెచ్చరికలు పనిచేస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? బోర్డు మీద ప్రమాద స్థాయి 5కి 3 అని రాసి ఉన్న రోజు, కొత్త మంచు, నీలాకాశం. ఆ రోజే నా లెక్కల కాగితం రెండువైపులా నిండిపోయింది.