రాయి అనుకుంటే తల తిప్పింది!

కాలిఫోర్నియాలో ఆంజా-బొర్రేగో ఎడారి. పొద్దున్నే గైడుతో కలిసి పామ్ కాన్యన్‌లో నడక మొదలుపెట్టాం. ఎండ సంగతి చెప్పక్కర్లేదు, నీళ్ల సీసాలు చకచకా ఖాళీ. ఒకచోట గైడు చెయ్యెత్తి ఆగమన్నారు. ఎంత చూసినా నాకు బండలే! వాటిలో ఒకటి తల తిప్పాక గానీ తెలియలేదు, అది బిగ్‌హార్న్ గొర్రె అని. ఒంటి రంగు అచ్చం కొండ రంగే. పక్కనున్న పొట్టేలు కొమ్ములైతే చెవుల వెనక్కి చుట్టుకుని మళ్లీ చెంపల దాకా వచ్చాయి. వాటి మీది వలయాలను బట్టి వయసు అంచనా వేయొచ్చట. అంతరించే ప్రమాదమున్న జీవులుగా 1998లోనే వీటిని జాబితాలో చేర్చారు. అవేమో నిట్టనిలువు బండ మీద నింపాదిగా మేస్తున్నాయి, చూస్తున్న మాకు కింద టెన్షన్! ఈసారి సొంత బైనాక్యులర్స్ కొనాల్సిందే. గైడుది లాక్కుని లాక్కుని పాపం ఆయన్నే చూడనివ్వలేదు.