బిళ్ళ తిరగేసి వేస్తే సరిపోదా మామా?

తిరుపతి కరకంబాడి రోడ్డులో మా షెడ్డుకు వచ్చేవన్నీ ట్రాక్టర్లు, టెంపోలు, కొండకు తిరిగే జీపులు. సెల్ఫ్ మోటరు, డైనమో, వైరింగు, ఇదే నా పని. ఈసారి బెంచీ మీదికి విమానం సామాను వచ్చింది. మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. కిట్టు కొనుక్కుని రెండు సీట్ల ఆర్‌వీ-7 విమానం సొంతంగా కట్టుకున్నాడు. అక్కడ సగానికి మించి పని సొంతంగా చేసుకుంటే ఎక్స్‌పెరిమెంటల్ అనే వర్గం కింద ఎగరడానికి ఒప్పుకుంటారు. కట్టినవాడు రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకుంటే ఏడాదికోసారి జరిగే తనిఖీ కూడా తనే చేసుకోవచ్చు.

"మామా, సెల్ఫ్ కొడితే ఒక్కోసారి టక్కుమని ఊరుకుంటుంది, ఒక్కోసారి ప్రొపెల్లర్ ఈడ్చుకుంటా తిరుగుతుంది" అని ఫోన్ చేశాడు. బ్యాటరీ కొత్తది వేసినా అదే వరస. ఎవరైనా ముందు బ్యాటరీనే తిడతారు, పాపం.

మీటర్ వోల్టుల్లో పెట్టి, స్టార్టర్ కాంటాక్టర్ (మన సోలనాయిడ్ లాంటిదే, బటన్ నొక్కితే బ్యాటరీ కరెంటును మోటరుకు కలిపే డబ్బా) పెద్ద బోల్టులు రెండింటికీ చెరో వైరు తగిలించి, వేరే మనిషితో సెల్ఫ్ కొట్టించమన్నాను. ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు ఆఫ్, మిక్స్చర్ కటాఫ్ (పెట్రోలు బంద్), చక్రాలకు అడ్డాలు. ప్రొపెల్లర్ దరిదాపులకు పోవద్దురా అని మళ్ళీ మళ్ళీ చెప్పాను. బటన్ నొక్కకముందు అక్కడ బ్యాటరీ వోల్టేజీ అంతా కనబడుతుంది, దాన్ని పట్టించుకోకూడదు. ఇంజిన్ తిరిగేటప్పుడు ఎంత చూపిస్తుందనేదే లెక్క. మంచి కాంటాక్టర్ అయితే 0.1, 0.2 వోల్టు. వీడిది 1 దాటింది. మోటరు 200 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 200 వాట్ల వేడి ఆ డబ్బాలోనే పుడుతోందన్నమాట. బ్యాటరీని విమానం మొత్తానికి కలిపే మాస్టర్ కాంటాక్టర్ మీద కూడా 0.4 వచ్చింది. రెండూ ఒకే వయసువి, రెండూ మార్చెయ్యమన్నాను.

మార్చేశాడు. మొన్న పాప పుట్టెంట్రుకలు తీయించడానికి తిరుమలకు వచ్చినప్పుడు పాతవి సూట్‌కేసులో పడేసుకుని తెచ్చాడు. స్టార్టర్‌ది వైసుకు బిగించి మూతి అంచు హాక్సాతో కోశాను. కాయిల్ కొత్తదానిలా మెరుస్తోంది. కింద, కాయిల్ లాగినప్పుడు రెండు బోల్టులనూ కలిపే రాగి బిళ్ళ మాత్రం, బోల్టు తలలు తగిలే రెండు చోట్లా నెలవంకల్లా నల్లగా కాలిపోయింది. గోరు పెట్టి గీస్తే గుంటలు తగులుతున్నాయి. ఒక తల అంచున రాగి కరిగి పూసలా గడ్డకట్టింది.

మావాడు బిళ్ళ రెండో వైపు చూసి, "ఇటు బాగానే ఉందే మామా, తిరగేసి వేస్తే సరిపోదా?" అన్నాడు. ట్రాక్టర్ సోలనాయిడ్‌కు నేను చేసేది అదే. బిళ్ళ తిరగేసి, బోల్టులు అర చుట్టు తిప్పి, ఎమరీ కొట్టి వేస్తే ఇంకొంత కాలం లాగుతుంది. చేలో ఆగిపోతే నలుగురు తోస్తారు. విమానానికి నేనొప్పుకోను. స్టార్ట్ కాకపోతే పోనీ, నేల మీదే ఉంటుంది. నా భయం అది అతుక్కుపోతుందని. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు కాయిల్ గట్టిగా పట్టలేదు, బిళ్ళ టకటకలాడుతుంది, కొట్టుకున్న ప్రతిసారీ నిప్పు లేచి రాగి కరుగుతుంది. ఆ పూస అట్లా వచ్చిందే. ఏదో ఒక రోజు అతుక్కుంటే, బటన్ వదిలేసినా మోటరుకు కరెంటు పోతూనే ఉంటుంది. హెడ్‌సెట్ పెట్టుకుని ఇంజిన్ మోతలో కూర్చున్నవాడికి ఏం వినబడుతుంది? అందుకే కాంటాక్టర్‌కు మోటరు వైపున్న బోల్టు నుంచి ఫ్యూజు వేసి ప్యానెల్లో ఒక దీపం పెట్టించాను. బటన్ వదిలాక కూడా వెలుగుతుంటే వెంటనే మాస్టర్ ఆఫ్ చేసి ఇంజిన్ ఆపాలి.

డబ్బాలు రెండూ పైకి కవలలే. కాయిల్ ఓములు చూస్తే గానీ తేడా తెలియదు. స్టార్టర్‌ది 3, 4 ఓములుంటుంది, కొద్ది సెకన్ల పనికే. మాస్టర్‌ది 15 దరిదాపుల్లో ఉండాలి, ఎగిరినంతసేపూ పట్టుకోవాలి కదా. తారుమారు చేసి బిగిస్తే మాస్టర్ చోట కాయిల్ మాడిపోతుంది. బిగించేముందు వీడియో కాల్‌లో రెండూ కొలిపించాను.

కాయిల్‌కు తగిలించే డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న ముక్క) సంగతి చాలామంది పొరబడతారు. అది కాపాడేది రాగి బిళ్ళను కాదు, స్టార్ట్ బటన్‌ను. కాయిల్ వదిలేటప్పుడు ఎగదన్నే వోల్టేజీ బటన్ లోపలి కాంటాక్టులను తినేస్తుంది. స్టార్టర్‌కు డయోడ్ గీత ఉన్న కాలు బటన్ వైరు వైపు, రెండోది ఎర్తుకు.

బిగించేటప్పుడు ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి. స్టార్టర్ కాంటాక్టర్‌కు కాయిల్ ఎర్తు బాడీ నుంచే కాబట్టి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ మనిషి కూర్చునే చోటుకూ మధ్య రేకు) మీద దాని చెవులు కూర్చునే చోట రంగు గీకాలి. పై నట్టు బిగించేటప్పుడు కింది నట్టును ఇంకో స్పానర్‌తో పట్టుకోవాలి, లేకపోతే బోల్టు తిరిగి బేకలైట్ మూత పగులుతుంది. బలం చూపించే కుర్రాళ్ళు మా షెడ్డులోనే చాలా మూతలు పగలగొట్టారు.

కొత్తవి వేశాక స్టార్టర్ మీద 0.1, మాస్టర్ మీద అంతకన్నా తక్కువ. పాత మాస్టర్‌ను ఇంకా కోయలేదు. ఆదివారం కోసి బిళ్ళ ఫోటో పెడతాను.