కృత్వాపి: నెల ముగ్గు దగ్గర ఒక గీతాశ్లోకం

డిసెంబర్ 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలోకి వస్తాడు. ఆ రోజు నెల పట్టిన వాకిలి మళ్ళీ భోగి దాకా ఖాళీగా ఉండదు. పెద్దముగ్గు, దాని నడుమ గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడిపూలు. ఇంచుమించు ముప్ఫై తెల్లవారుజాములు, ముప్ఫై ముగ్గులు. వీటిలో మర్నాటికి మిగిలేది ఒక్కటీ ఉండదు. పాలవాడి బండి మొదటి గీతను చెరుపుతుంది, బడికెళ్ళే పిల్లలు రెండోదాన్ని, మధ్యాహ్నానికి కుక్క వచ్చి మిగిలిన పని పూర్తి చేస్తుంది. భగవద్గీత నాలుగో అధ్యాయం 22వ శ్లోకాన్ని ఇంతకంటే దగ్గరగా చూడగల చోటు ఇంకోటి దొరకదేమో.

యదృచ్ఛాలాభసంతుష్టో ద్వంద్వాతీతో విమత్సరః
సమః సిద్ధావసిద్ధౌ చ కృత్వాపి న నిబధ్యతే

అడగకుండా దొరికినదానితో తృప్తిపడేవాడు, చలీ వేడీ లాంటి ద్వంద్వాలను దాటినవాడు, అసూయ లేనివాడు, పని కుదిరినా కుదరకపోయినా ఒకేలా ఉండేవాడు పని చేసి కూడా కట్టుబడడు. ఆదిశంకరులు తమ గీతాభాష్యంలో దీన్ని యతి పరంగా, అంటే సన్న్యాసి పరంగా వ్యాఖ్యానించారు. అలాగని సంసారులకు పనికిరాదనేం లేదు. స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగేలోగా నాలుగు గీతలు గీసి రావాల్సిన మనిషికే ఈ శ్లోకంతో ఎక్కువ అవసరం.

యదృచ్ఛాలాభం అంటే 'అప్రార్థితోపనతం', కోరకుండానే చేతికి అందినది. మట్టివాకిలి ఉన్నవాళ్ళకు అందేవి పేడ, బియ్యప్పిండి. బకెట్ నీళ్ళలో గుప్పెడు పేడ కలిపి కళ్ళాపి చల్లాలి. నీళ్ళు నేలలోకి ఇంకి, కాలు పెడితే బురద అంటకుండా చల్లగా తగలాలి. అప్పుడు పిండి పట్టాలి. తొందరపడి నీళ్ళు నిలిచి ఉండగా మొదలెడితే గీత నాని పక్కకు పాకుతుంది. నేల పూర్తిగా ఆరితే గాలికి లేచిపోతుంది. పిండి మరీ మెత్తగా ఉన్నా చిక్కే, మంచుకు వేళ్ళకు అంటుకుని ముద్దలుగా రాలుతుంది. సన్నరవ్వకు ఒక మెట్టు కింద, చేత్తో తాకితే కాస్త గరుకు తెలిసేలా ఆడించాలి. దుకాణంలో దొరికే రాతిముగ్గు కలుపుకున్నా తప్పు లేదు, గీత దట్టంగా కనిపిస్తుంది. కాకపోతే చీమలకూ పిచ్చుకలకూ తిండి అయ్యేది బియ్యప్పిండే. గృహస్థుడికి చెప్పిన పంచయజ్ఞాల్లో భూతయజ్ఞం, అంటే ప్రాణులకు తిండి పెట్టడం, ఒకటి. ఏ మంత్రమూ లేకుండా అది గడప ముందు జరిగిపోతుంది.

అపార్ట్‌మెంట్ వాళ్ళకు అందేవి గచ్చు, టైల్స్, పక్క ఫ్లాట్ చెప్పుల స్టాండ్. నున్నటి టైల్ మీద పొడిపిండి నిలవదు, పైగా కాలు జారుతుంది. అక్కడ తడిముగ్గు వేసుకోవాలి. చిన్న గిన్నెడు బియ్యం రెండు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, మజ్జిగ పాటి జారుగా కలపాలి. పాత నూలుగుడ్డ ముక్కను అందులో ముంచి, ముడిచిన చేతిలో పట్టుకుని కొద్దికొద్దిగా నొక్కుతుంటే ఉంగరపు వేలి కొన మీదుగా పిండి దిగుతుంది. వేసేటప్పుడు గీత పలచగా, కనీకనపడనట్టు ఉంటుంది. అది చూసి చాలామంది దాని మీదే ఇంకో గీత దిద్దుతారు, ఆరాక చూస్తే దుంగలా తేలుతుంది. దిద్దకుండా పావుగంట ఆగితే అదే తెల్లబడుతుంది. ఇదీ కుదరని రోజున సుద్దముక్కను నీళ్ళలో ముంచి గీస్తే చాలు. పేడ దొరకనిచోట గొబ్బెమ్మను మట్టితోనో పసుపుముద్దతోనో చేసుకోవచ్చు. ఊళ్ళో ఉన్నట్టు ఇక్కడ లేదే అని నెలంతా నొచ్చుకునే కంటే పసుపుముద్ద మేలు.

ద్వంద్వాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున చన్నీళ్ళ బకెట్ ఎత్తినవాళ్ళకు శీతోష్ణాలంటే ఏమిటో వ్యాఖ్యానం అక్కర్లేదు.

'సిద్ధావసిద్ధౌ', కుదిరినా కుదరకపోయినా అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి, ముగ్గు పాఠమంతా అక్కడే ఉంది. '7 చుక్కలు, 4 వరకు, సందు చుక్క' అని నోట్‌బుక్‌లో రాసుంటుంది. నడిమి వరుసలో 7 పెట్టి, పైనా కిందా ప్రతి వరుసనూ రెండు చుక్కల సందులోంచి మొదలెడుతూ 6, 5, 4 అని తగ్గించాలి. మొత్తం 37 చుక్కలు, ఆరు మూలల ఆకారం వస్తుంది. '7 నుంచి 1 వరకు, ఎదురు చుక్క' అయితే చుక్క కింద చుక్క పడుతూ 7, 5, 3, 1 అని తగ్గుతాయి, మొత్తం 25, నాలుగు మూలలు. ఆరు రేకల పువ్వును ఎదురు చుక్కల్లో కూర్చోబెట్టాలని చూస్తే ఎంతకీ కూర్చోదు. తప్పు చేతిది కాదు, చుక్కలది.

చుక్కలు వంకరపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఒక కొస నుంచి మొదలెట్టి, కూర్చున్నచోటి నుంచి జరుగుతూ పెడతారు. ఒళ్ళు జరిగినకొద్దీ చూపు ఓరగా పడి వరుస వాలుతుంది, ఆ వాలు కింది వరుసకు ఇంకాస్త పెరుగుతుంది. నడిమి వరుస ముందు పెట్టుకుంటే పొరపాటు రెండు వైపులకూ పంచుకుపోతుంది. చుక్కకూ చుక్కకూ మూడు వేళ్ళ ఎడం ఉండాలి. చెయ్యి నేలకు ఒకటి రెండు అంగుళాల ఎత్తున ఉండాలి, ఇంకా పైకెత్తితే పిండి చెదిరి గీత మసకబారుతుంది.

చుక్కల చుట్టూ గీత తిరిగే మెలికలముగ్గు ఇంకా గట్టి గురువు. వరుసకు 3 చుక్కల చొప్పున 3 వరుసలు పెట్టండి. లోపల పక్కపక్క చుక్కల నడుమ నుంచి గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటాలి, అంచు చుక్క రాగానే దాన్ని చుట్టి వెనక్కి మళ్ళాలి. ఎంత జాగ్రత్తగా తిప్పినా గీత కొన్ని చుక్కలు తిరిగి, బయల్దేరినచోటే మూసుకుపోతుంది. ఒకటి కాదు, మూడు విడి గీతలు కావాలి. అదే వరుసకు 4 చొప్పున 3 వరుసలు పెడితే, ఎత్తిన చెయ్యి దించకుండా ఒకే గీత పన్నెండు చుక్కలనూ చుట్టి మొదటికి వస్తుంది. 3కూ 4కూ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు, అంతకు మించి రహస్యం లేదు. 5 వరుసల్లో 4 చొప్పున పెట్టినా అంతే. కనుక గీత మధ్యలో మూసుకుపోయిందంటే రెండే కారణాలు, చుక్కల లెక్క అలాంటిది, లేదా ఒక అంచు దగ్గర మలుపు మరిచారు. ఈ తేడా తెలిసిన మనిషి ఉసూరుమనదు. మొదటిదైతే ఇంకో గీత మొదలెడుతుంది, రెండోదైతే ఆ మూల చీపురుతో తుడిచి మళ్ళీ చుడుతుంది. 'సమః' అంటే ఏమీ పట్టనితనం కాదు, పొరపాటు ఎక్కడుందో చూడగలిగినంత నెమ్మది.

పదో రోజుకల్లా 'ఇవాళ ఏం వేయాలి' అనే నీరసం వస్తుంది. కొత్తదాని కోసం ఫోన్ తెరిస్తే పావుగంట పోతుంది, మిగిలేది బెంగే. ఆ 37 చుక్కలనే వారమంతా ఉంచుకుని రోజుకు ఒక్కటే మార్చడం మంచిది. సోమవారం ఆరు రేకలు. మంగళవారం అవే రేకల సందుల్లో దీపాలు. బుధవారం రేకుల కొసలు కలిపి నక్షత్రం. చెయ్యి అలవాటైన చోటే కొత్త మలుపు దొరుకుతుంది. తిరుప్పావై చదివే ఇళ్ళలో రోజుకొక పాశురం చొప్పున 30 ఉన్నాయి కదా, ఆనాటి పాశురంలో కనిపించిన ఒక్క వస్తువును, శంఖమో దీపమో, ముగ్గు నడుమ పెట్టుకోవచ్చు. చుక్కలు పెద్దవాళ్ళు పెట్టి గీతలు పిల్లలకు వదిలేయడం ఇంకో దారి. గీత వంకరైతే దిద్దకండి, దిద్దితే రేపు ఆ పిల్ల లేవదు.

ఇక విమత్సరః. ఎదురింటి ముగ్గు మనదానికంటే ఎప్పుడూ బాగానే ఉంటుంది, దాన్ని నిలబడి చూస్తాం కాబట్టి. మన ముగ్గును ముక్కు నేలకానించి, తప్పులన్నీ తెలిసి చూస్తాం. లేచి పది అడుగులు వెనక్కి వెళ్ళి చూస్తే సగం అసూయ అక్కడే తీరుతుంది. తెలుగులో 'ముగ్గులోకి దించడం' అంటే మనిషిని ఇరికించడం. రంగులు, పోటీ, ఫోటోకు ఎన్ని లైకులొచ్చాయన్న లెక్క, ఇవి నిజంగానే ముగ్గులోకి దించుతాయి. శ్లోకం చెప్పే 'న నిబధ్యతే', కట్టుబడడు అన్న మాట, ఆ నుడికారానికి సరిగ్గా ఎదురు. మర్నాడు ఊడ్చేదాన్ని ఇంత శ్రద్ధగా వేసిన చెయ్యి ఏ ముగ్గులోకీ దిగదు.

ఊడ్చేసినా అంతా పోదు. గొబ్బెమ్మలను గోడకు కొట్టి ఎండబెడితే పిడకలవుతాయి. పేడలో గడ్డీగాదం ఏరి, చపాతీముద్దలా గట్టిగా ఉన్నప్పుడే ఉండ కట్టాలి, జారుగా ఉంటే పువ్వు గుచ్చగానే కూలుతుంది. వాటిలో కొన్ని భోగిమంటకు, కొన్ని రథసప్తమినాడు పాలు పొంగించడానికి.

చివర్లో వేసేది రథం ముగ్గు, కొన్నిచోట్ల కనుమనాడు, కొన్నిచోట్ల ముక్కనుమనాడు. రథాన్ని మన గుమ్మం వైపు నిలిపి, దాని తాడును వీధిలోకి లాగి పక్కింటి రథం తాడుతో కలుపుతారు. తాడు గీసేటప్పుడు వెనక్కి నడుస్తూ గీయాలి, లేకపోతే మన కాలే దాన్ని చెరుపుతుంది. పక్కింటివాళ్ళు ఇంకా లేవకపోతే తాడును వాళ్ళ గడప దాకా తీసుకెళ్ళి వదిలేయాలి. అపార్ట్‌మెంట్లో అయితే లిఫ్ట్ తలుపు దాకా.