మా వీధికి ఒక బోగీ

మా మామ్మకి ఎనభై రెండేళ్లు. "మన వీధి వాళ్లందరితో కలిసి ఒక్కసారి తిరుపతి వెళ్లాలిరా" అని రెండేళ్లుగా అడుగుతోంది. వెళ్లడం కష్టం కాదు, అందరితో కలిసి వెళ్లడమే కష్టం. ఒడిశాలోని బరంపురంలో మా వీధిలో తెలుగు ఇళ్లు పద్దెనిమిది. తరాలుగా ఇక్కడే ఉన్నాం, గుమ్మం దాటితే ఒడియా, లోపల తెలుగు. లెక్క వేస్తే అరవై ఆరుగురు తేలారు. అందులో ఇరవై మంది అరవై దాటినవాళ్లే.

మామూలు టికెట్లయితే ఒక పీఎన్‌ఆర్‌కి ఆరుగురే. అంటే పదకొండు టికెట్లు, రైలంతా చెల్లాచెదురుగా బెర్తులు. పైగా 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. అంత మందికి ఒకే రోజు కన్ఫర్మ్ అవుతుందన్న నమ్మకం నాకు లేదు. రాత్రి బాత్రూమ్‌కి లేచిన మామ్మకి తోడు ఎవరుంటారు? పక్క బోగీలో ఉన్న నాకు తెలిసేదెలా? ఈ ఆలోచనతోనే ఎఫ్‌టీఆర్ దాకా వెళ్లాను.

ఎఫ్‌టీఆర్ అంటే ఫుల్ టారిఫ్ రేట్, పూర్తి చార్జీ కట్టి రైలునో బోగీనో అద్దెకు తీసుకునే పద్ధతి. ఐఆర్‌సీటీసీకి దీని కోసం వేరే పోర్టల్ ఉంది. రైలు మొత్తం తీసుకోవచ్చు, ఒక్క బోగీ కూడా తీసుకోవచ్చు. రైలు మొత్తానికైతే 18 బోగీల లెక్కన 9 లక్షల రూపాయలు డిపాజిట్ కట్టాలి. ఒక బోగీకి ఏడు రోజుల వరకు 50 వేలు, ఆ పైన రోజుకు 10 వేలు. ప్రయాణానికి కనీసం 30 రోజుల ముందు, గరిష్ఠంగా ఆరు నెలల ముందు దరఖాస్తు చేయాలి. ఈ ముప్పై రోజుల సంగతి తెలియక మొదటిసారి దెబ్బ తిన్నాం. కార్తీకంలో వెళ్దామని అందరికీ చెప్పేశాం, తీరా చూస్తే ఇరవై ఆరు రోజులే ఉంది. మామ్మ మొహం చూడలేకపోయాను.

ఖర్చు గురించి ముందే ఇంటింటికీ తిరిగి చెప్పాను, తర్వాత మాట రాకూడదని. బోగీలో ఎన్ని బెర్తులుంటే అన్నింటికీ పూర్తి చార్జీ కట్టాల్సిందే. పాత రకం స్లీపర్‌లో 72, కొత్త ఎల్‌హెచ్‌బీ రకంలో 80. పిల్లలకు రాయితీ ఉండదు. మొత్తం మీద మామూలు చార్జీ కంటే 30 నుంచి 35 శాతం ఎక్కువ పడుతుంది. బోగీని ఖాళీగా లాక్కెళ్లిన దూరానికి కనీసం 200 కిలోమీటర్ల చార్జీ, తిరుపతిలో మన కోసం ఆపి ఉంచిన సమయానికి డిటెన్షన్ చార్జీ వేరే. రెండు ఇళ్ల వాళ్లు ఆలోచించుకుని చెప్తామన్నారు. అందులో తప్పేం లేదు, మగ్గం మీద బతికే ఇళ్లు అవి. చివరికి వాళ్ల వాటా మిగతా ఇళ్లు సర్దుకున్నాయి. ఖాళీ బెర్తుల కోసం ఇచ్ఛాపురంలో ఉన్న చుట్టాలను కలుపుకున్నాం, డెబ్భై రెండు నిండింది.

తేదీ మాఘ మాసానికి మార్చాం. అప్పుడు ఇంకో ముడి పడింది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తారు, ఒక లాగిన్‌లో ఆరుగురికే. పన్నెండు ఫోన్లు పట్టుకుని పిల్లలందరూ మా డాబా మీద కూర్చుని బుక్ చేశారు. దర్శనం తేదీ ఖాయమైంది, బోగీ ఇంకా ఖాయం కాలేదు. రైల్వే ఒప్పుకోకపోతే డెబ్భై రెండు మంది దర్శనం పోతుంది. ఆ నెలన్నర నాకు సరిగా నిద్ర లేదు.

పోర్టల్‌లో పాన్ కార్డుతో ఖాతా తెరిచి, బరంపురం నుంచి తిరుపతి, తిరిగి బరంపురం అని నింపాను. డిపాజిట్ కట్టాక రిఫరెన్స్ నంబర్ వచ్చింది. ఆన్‌లైన్ రాకపోతే స్టేషన్ మేనేజర్‌కో, చీఫ్ బుకింగ్ సూపర్‌వైజర్‌కో ఉత్తరం రాసిచ్చి కౌంటర్‌లో డిపాజిట్ కట్టే దారి కూడా ఉంది. అయితే డబ్బు కట్టినంత మాత్రాన బోగీ మనది కాదు. ఆ దరఖాస్తు రైల్వేలో కమర్షియల్ వాళ్ల దగ్గరికి, ఆపరేటింగ్ వాళ్ల దగ్గరికి వెళ్తుంది. ఆ రైలుకు ఇంకో బోగీ తగిలించవచ్చా, ప్లాట్‌ఫారం పొడవు సరిపోతుందా, బోగీ దొరుకుతుందా అన్నవన్నీ చూస్తారు. వాళ్లు ఒప్పుకున్నాకే అసలు చార్జీ ఎంతో చెప్తారు.

మా దరఖాస్తు బరంపురం దగ్గరే ఆగింది. రైలు కనీసం పది నిమిషాలు ఆగే స్టేషన్‌లోనే ఎఫ్‌టీఆర్ బోగీని తగిలిస్తారు, విప్పుతారు. పూరి–తిరుపతి ఎక్స్‌ప్రెస్ మా ఊళ్లో అంతసేపు ఆగదు. ఒక ట్రావెల్ ఏజెంట్ "పైన పది వేలు ఇవ్వండి, బరంపురంలోనే తగిలిస్తా" అన్నాడు. ఇస్తే పోతుందేమో అని ఒక పూట అనుకున్న మాట నిజం. కానీ ఆ డబ్బు వీధిది. నేరుగా ఆఫీసుకు వెళ్లి అడిగాను. అక్కడి పెద్దాయన ఓపిగ్గా "నాహిఁ ఆజ్ఞా (లేదండీ), ఎవరూ చేయలేరు. రైలు బయల్దేరే చోటే ఎక్కండి" అన్నారు.

బయల్దేరే చోటు అంటే పూరి. ఇంటికొచ్చి భయపడుతూ చెప్పాను, ముసలివాళ్లను ముందు వెనక్కి పూరీకి తీసుకెళ్లాలంటే ఎలా అని. మామ్మ మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టింది. "జగన్నాథుడిని చూడకుండా వెంకన్న దగ్గరికి ఎలా పోతామనుకున్నావురా?" అంది. దరఖాస్తు పూరి నుంచి పూరికి మార్చాం. ప్రయాణానికి మూడు వారాల ముందు అనుమతి వచ్చింది, ఆ రోజే మిగతా డబ్బు కట్టేశాం.

అసలు గొడవ స్టవ్ దగ్గర వచ్చింది. మా పెద్దమావయ్యకి షుగర్, వేళకు వేడిగా తినాలి. "బోగీ మనదే కదా, చిన్న సిలిండర్ పెట్టుకుంటే ఎవరు చూస్తారు?" అన్నారు. ఆయన మాటకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురైలో ఆగి ఉన్న బోగీ కాలిపోయింది. అది కూడా మనలాగే యాత్రికులు అద్దెకు తీసుకున్న బోగీయే. లోపల దొంగచాటుగా తెచ్చిన గ్యాస్ సిలిండర్ మీద వంట చేయబోతే మంటలు అంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. సిలిండర్ తీసుకెళ్లడం రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు జైలు. "జైలు సంగతి వదిలేయండి మావయ్యా, బోగీలో మామ్మ ఉంటుంది" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే బయల్దేరే ముందు ప్రతి సంచీ విప్పించి చూశారు. అగ్గిపెట్టెలు కూడా తీయించారు. ఎవరైనా బోగీ తీసుకునేవాళ్లుంటే ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దని బతిమాలి చెప్తున్నాను.

తిండికి దారి మా వీధి వాళ్లే చూశారు. పూరీలో దర్శనం చేసుకుని బోగీ ఎక్కాం, రైలు బరంపురం మీదుగానే వెళ్తుంది కదా. ప్రయాణం చేయలేక ఉండిపోయినవాళ్లు ప్లాట్‌ఫారం మీద పులిహోర పొట్లాలు, ఫ్లాస్కుల్లో కాఫీ, మావయ్యకి విడిగా రొట్టెలు పట్టుకుని నిలబడ్డారు. మా బోగీ చివర్లో ఉందని ముందే ఫోన్ చేశాం. కిటికీల్లోంచి అందుకున్నాం. మంచం దిగలేని ఎదురింటి పిన్నిగారు తన ముడుపు మూట కూడా కొడుకు చేత పంపారు. రైలు కదిలాక మామ్మ ఆ మూటని ఒళ్లో పెట్టుకుని తిరుపతి దాకా, సుమారు వెయ్యి కిలోమీటర్లు, ఎవరికీ ఇవ్వలేదు.

దారిలో వేరే బోగీల వాళ్లు ఎక్కబోతే తలుపు దగ్గర కుర్రాళ్లను వంతులవారీగా ఉంచాం. పేర్ల జాబితా నాలుగు కాపీలు, అందరి ఆధార్లు నా సంచిలోనే. విశాఖలో ఇంజిన్ అటునుంచి ఇటు మారేటప్పుడు చాలాసేపు ఆగుతుంది, నీళ్లు పట్టించుకోవడానికి అదే మంచి చోటు.

తిరుగు ప్రయాణంలో పూరి దాకా వెళ్లకుండా బరంపురంలోనే దిగాం. డెబ్భై రెండు మంది, అన్ని సామాన్లు, ఆ కాస్త సమయంలో! ఇచ్ఛాపురం రాగానే అక్కడి చుట్టాలు దిగారు. మిగతా సామానంతా రెండు తలుపుల దగ్గరికి చేర్చి, పెద్దవాళ్లను ముందు నిలబెట్టాం. దిగాక ప్లాట్‌ఫారం మీద మామ్మే ఒక్కొక్కరినీ తాకి లెక్కపెట్టింది. తర్వాత ఇంటికి కూడా వెళ్లకుండా లడ్డూ పట్టుకుని నేరుగా పిన్నిగారి మంచం దగ్గరికి నడిచింది.