పదకొండో బెడ్

మే 12, 2021, బుధవారం, హైదరాబాద్

రాత్రి మూడున్నరకి మా కోవిడ్ వార్డులో పదకొండో బెడ్ పెద్దాయన పోయారు. నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ పెట్టినా, బోర్లా పడుకోబెట్టినా రక్తంలో ఆక్సిజన్ శాతం, అదే శాచురేషన్, 80 దాటలేదు. వెంటిలేటర్ ఒక్కటీ ఖాళీగా లేదు. డాక్టరుగారూ నేనూ మార్చి మార్చి సీపీఆర్ చేశాం. పీపీఈ లోపల చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకోవడానికి కూడా లేదు. ఇదంతా రోజూ ఉండేదే, రాయాలని కూర్చున్నది దీని గురించి కాదు. మానిటర్‌లో గీత సాఫీ అయిపోగానే నా మనసులో మొదట వచ్చిన మాట గురించి: "హమ్మయ్య, ఒక బెడ్ ఖాళీ అయింది."

ఐదు కాకముందే హైపోక్లోరైట్‌తో తుడిచి, దుప్పటి మార్చి ఇంకొకరిని పడుకోబెట్టాం.

పొద్దున్న హ్యాండోవర్ అయ్యాక కేక్ కోశారు. ఇవాళ నర్సుల దినోత్సవం, నైటింగేల్ పుట్టినరోజు. ముక్కు మీద మాస్కు గాట్లతోనే ఫొటో దిగాం. కేక్ బాగుంది, రెండు ముక్కలు తిన్నాను.

పది నుంచి లాక్‌డౌన్ అని దారి పొడవునా కూరగాయల దగ్గర తోపులాట. కొందరికి మాస్కు గడ్డం కింద. పోయినేడాదైతే స్కూటీ ఆపి గొడవపడేదాన్ని. ఇవాళ చూసుకుంటూ వచ్చేశాను.

నర్సింగ్ కాలేజీలో మేడమ్ 'కంపాషన్ ఫెటీగ్' గురించి చెప్పారు. 1992లో జాయిన్సన్ అనే ఆవిడ నర్సుల విషయంలో ఆ మాట వాడిందట. జాలి కూడా అలిసిపోతుందా అని వెనక బెంచీలో నవ్వుకున్నాం.

నిన్న చిన్నత్త నాలుగుసార్లు ఫోన్ చేసింది. వాళ్ల పక్కింటావిడకి బెడ్ కావాలట. బెడ్ ఇప్పించడం నా చేతిలో పనా? "శాచురేషన్ ఎంత?" అన్నాను. 88 అంది. "88 అంటే నయమే అత్తా, మా దగ్గర 70తో బయట ఆంబులెన్సుల్లో ఉన్నారు" అన్నాను. 94 కిందికి వస్తే ఆగొద్దని పోయినేడాది చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది నేనే. అత్త కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నువ్వేనా తల్లీ మాట్లాడేది?" అంది.

స్నానం చేసి పడుకున్నాను గానీ నిద్ర రాలేదు. పెద్దాయన పేరు గుర్తు చేసుకుందామని చూశాను. కేస్ షీట్ మీద నా చేత్తోనే ఎన్నిసార్లు రాసి ఉంటాను! ఆయన మాత్రం నా పీపీఈ మీద మార్కర్‌తో రాసుకున్న పేరు కూడబలుక్కుని చదివి, చివర 'అమ్మా' చేర్చి పిలిచేవారు. వాళ్లబ్బాయికి అప్పగించిన సామాన్ల లిస్టు మాత్రం వరసగా గుర్తుంది. చేతి గడియారం, కళ్లద్దాలు, పళ్లసెట్టు, 340 రూపాయలు.

అన్నం పెడుతూ అమ్మ అడిగింది, రాత్రి ఎలా గడిచిందని. మామూలే అన్నాను.

ఫోన్‌లో అత్త మిస్డ్ కాల్ ఉంది, పన్నెండింటికి చేసింది. తిరిగి చెయ్యలేదు. చేస్తే మొదట నంబరే అడుగుతానేమోనని. ఎనిమిదికి మళ్లీ డ్యూటీ. ఆరుకి అలారం పెట్టాను.