కొత్తిమీర కట్ట ఖరీదు

క్రిందటి జూన్‌లో మా అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చి, బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంట్లో నెలరోజులు ఉన్నారు. వచ్చిన మూడోరోజు సాయంత్రం చారులోకి కొత్తిమీర లేదని ఫోన్‌లో ఆర్డరు పెట్టాను. పది నిమిషాలు తిరక్కుండానే సంచి గుమ్మంలోకి వచ్చింది. అందులోంచి కొత్తిమీరతో పాటు చిప్స్ ప్యాకెట్టు, పెరుగు డబ్బా, గిన్నెలు తోమే పీచు, రెండు చాక్లెట్లు బయటపడడం చూసి ఆవిడ, "కొత్తిమీర ఎంత పడిందమ్మాయీ?" అని అడిగారు. పద్దెనిమిది రూపాయలన్నాను. ఆవిడ సంచి వంక చూస్తూనే ఉండడంతో బిల్లు తెరవక తప్పలేదు: 225 రూపాయలు.

లెక్క ఇలా నడిచింది. 199 రూపాయలు దాటితే డెలివరీ ఉచితం, దాటకపోతే ముప్పై రూపాయలు. ఆ ముప్పై మిగుల్చుకోవడానికి నేను 195 రూపాయల సరుకు అదనంగా కొన్నాను. పైగా పన్నెండు రూపాయల హ్యాండ్లింగ్ చార్జీ ఎలాగూ తప్పలేదు. కొత్తిమీర ఒక్కటే తెప్పించుకుని డెలివరీ రుసుము కట్టినా అరవైతో పోయేది. అదే సమయంలో మా సందు చివర 'సొప్పు, సొప్పు' అని కేకవేసే ఆకుకూరల బండి దగ్గరికి దిగి వెళ్ళి ఉంటే పదిహేనుతో తీరిపోయేది. ఇక్కడ నన్నెవరూ మోసగించలేదని కూడా ఒప్పుకోవాలి. అడగని వస్తువును బుట్టలో చేర్చడం, లేని తొందరను సృష్టించడం వంటి పదమూడు రకాల ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది కానీ, చిప్స్ ప్యాకెట్టును బుట్టలో వేసింది నా చెయ్యే.

అత్తయ్యగారు ఏమీ అనలేదు. గోడ క్యాలెండరులో పాల ప్యాకెట్ల లెక్క రాసే గడిలోనే పెన్సిలుతో 225 అని వేశారు. ఆనాటి నుంచి గుమ్మంలోకి సంచి వచ్చినప్పుడల్లా, "ఎంతమ్మా?" అని అడిగి అంకె వేయడం ఆవిడకు అలవాటైంది. నెలాఖరుకు ఆ అంకెలన్నీ కూడితే 7,460 రూపాయలు తేలింది. నెలసరి సరుకులు వేరే కొట్టులో విడిగా కొన్నవే కాబట్టి ఇది పూర్తిగా పైఖర్చు. ఆ మొత్తం నాకు ఒక్క బిల్లుగా వచ్చి ఉంటే కొట్టువాడితో తగువు పెట్టుకుని ఉండేదాన్ని. నలభై ముక్కలుగా వచ్చింది కాబట్టి నోరెత్తలేదు.

ఆ క్యాలెండరు పుణ్యమా అని ఒక ఆదివారం బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. మొదట అర్థమైన సంగతి ఏమిటంటే, నా చిల్లర ఖర్చులో సగం అసలు అందులో లేనే లేదు. పిన్ను నొక్కే శ్రమ ఎందుకని యూపీఐ లైట్ పెట్టుకున్నాను. దానిలో డబ్బు నింపినప్పుడు మాత్రమే ఖాతాలో ఒక పద్దు పడుతుంది, అక్కడి నుంచి టీకి, పానీపూరీకి, ఆటోకి పోయిన వివరం ఆ యాప్‌లో వెతుక్కోవలసిందే. బ్యాంకుల మీద భారం తగ్గించడానికి ఆ ఏర్పాటు మంచిదే కావచ్చు, నావంటి మతిమరుపు మనిషికి మాత్రం అది చిల్లు జేబు. రెండోది, ఎప్పుడో ఉచితంగా వారంపాటు చూద్దామని మొదలుపెట్టిన యోగా యాప్ చందా. నెలకు 399 చొప్పున పద్నాలుగు నెలలుగా కట్ అవుతూ 5,586 రూపాయలు పట్టుకుపోయింది. ఇటువంటి ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు కబురు పంపాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమలవుతోంది, నాకు కబురు కూడా వస్తూనే ఉంది. ఆ మెసేజీలను ఆఫర్ల మెసేజీలతో కలిపి చదవకుండానే తుడిచేసింది నేను.

అయితే అసలు దెబ్బ మావారి క్రెడిట్ కార్డు దగ్గర తగిలింది. నలభై వేల బిల్లుకు 'మినిమం డ్యూ', అంటే ఆ నెలకు కట్టక తప్పని కనీస మొత్తం, రెండు వేలు కట్టి, ఈ నెల గండం గడిచిందని ఆయన నిశ్చింతగా ఉన్నారు. వడ్డీ నెలకు మూడున్నర శాతమని నేను చదువుతుంటే అత్తయ్యగారు పప్పు ఏరడం ఆపి, "మూడున్నర రూపాయల వడ్డీయా? మన ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చినవాణ్ణే జలగ అంటారు కదరా!" అన్నారు. ఆ ఒక్క మాటతో మావారికి అర్థమైనంతగా నేను ఏడాదిగా చెప్పిన 'సాలుకు నలభై రెండు శాతం' అర్థం కాలేదు. నలభై వేలకు నెల వడ్డీ 1,400, దానిమీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 252. కట్టిన రెండు వేలలో అసలుకు జమయ్యేది సుమారు 348 రూపాయలు. బాకీ మిగిలి ఉండగా గీకిన ప్రతి కొత్త ఖర్చుకూ వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఏడాదికి ముప్పై శాతం, అంటే మన భాషలో రెండున్నర రూపాయలు, మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది కానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి చట్టం అడ్డుపడుతుందన్న ఆశ పెట్టుకోనక్కరలేదు. ఇంట్లో ఉన్న చిన్న ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి రద్దుచేసి ఆ బాకీ మొత్తం తీర్చేశాం. ఏడు శాతం వచ్చే డిపాజిట్‌ను దాచుకుని నలభై రెండు శాతం బాకీని మోయడం ఏ లెక్కన పొదుపో నాకిప్పటికీ బోధపడదు.

ఇప్పుడు చేస్తున్నది పెద్ద విద్యేమీ కాదు. జీతం పడే ఖాతాను యూపీఐ నుంచి తీసేశాను. వేరే బ్యాంకులోని పాత ఖాతాకు ప్రతి సోమవారం 2,500 రూపాయలు పంపించుకుని, ఫోన్ ఖర్చంతా దానిలోంచే పెడుతున్నాను. గురువారానికి అడుగంటిన వారాలున్నాయి, అప్పుడు సొప్పు బండే గతి. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తీసేశాను. లేచి వెళ్ళి, పర్సు వెతికి, పదహారు అంకెలు కొట్టేలోపు సగం కోరికలు చల్లారుతున్నాయి. పెన్సిల్ లెక్క కూడా కొనసాగుతోంది, మావారు వేసే అంకెలు కొంచెం తక్కువగా ఉంటాయన్న అనుమానం నాకున్నా.

చక్కబడనిది ఒకటే, సంక్రాంతి ప్రయాణం. ప్రతిసారీ ఆఖరి వారంలో ప్రైవేటు బస్సుకు అడిగినంతా ఇచ్చి గుంటూరు చేరడం, కొత్తిమీర మీద ఏడాదంతా మిగిల్చింది ఆ ఒక్క రాత్రికి ధారపోయడం మా ఇంటి ఆనవాయితీ. రైలు రిజర్వేషను గడువు 2024 నవంబరు నుంచి అరవై రోజులకు తగ్గింది కాబట్టి, జనవరి 11న బయలుదేరే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు నవంబరు 12 ఉదయం ఎనిమిదింటికి బుకింగ్ తెరుచుకుంటుంది. అత్తయ్యగారు వెళ్ళేముందు క్యాలెండరులో నవంబరు కాగితం వెతికి, ఆ గడి చుట్టూ సున్నా చుట్టి, పక్కనే 'ఎనిమిదింటికి లే' అని రాసి వెళ్ళారు.