పాత ఇటుక గోడతో కాపురం

వరుస ఇళ్లలో పాత ఇటుక ఇల్లంటే రెండు పక్కల గోడలూ ఉమ్మడివే. పక్కవాళ్ల చూరు కింద వాననీళ్లు పోయే గట్టర్ పూడుకుపోతే చెమ్మ మన పడగ్గదిలో తేలుతుంది. అందుకే పెద్ద వాన పడితే వాళ్ల చూరు మీద కూడా ఓ కన్నేసి ఉంచుతాను. వాళ్లేమీ అనుకోరు, మా చూరు వాళ్లూ చూస్తుంటారు.

ఈమధ్య ముందు గోడలో ఇటుకల మధ్య సందులు నింపించాం. మొదట వచ్చిన మేస్త్రీ "సిమెంటు కొట్టేద్దామండీ, ఇక చూసుకోనక్కర్లేదు" అన్నాడు. వద్దన్నాను. పాత ఇటుక మెత్తన, దాని మధ్య ఉన్న సున్నం ఇంకా మెత్తన. గోడలోకి దిగిన తడి ఆ సున్నంలోంచే ఆరిపోతుంది. గట్టి సిమెంటుతో ఆ దారి మూసేస్తే తడి ఇటుకలోనే ఉండిపోయి, కొన్నాళ్లకు పైభాగం పెచ్చులుగా ఊడిపోతుంది. సందు అరిగితే మళ్లీ నింపుకోవచ్చు, ఇటుకే పోతే? గోడకి రంగు వేయించమనే సలహా కూడా ఇందుకే పక్కన పెట్టాను.

రెండో మేస్త్రీకి ఓపిక ఎక్కువ. సందులు కోసే గ్రైండర్ మిషన్ ముట్టలేదు, ఇటుక అంచులు కోసుకుపోతాయని. ఉలితో పాత సున్నం గీకి, సందు వెడల్పుకి రెండింతలకు పైగా లోతు తీశాడు. దుమ్ము దులిపి, ఇటుక తడిపి, సున్నం ఇసుక కలిపి పొరలు పొరలుగా అదిమాడు. తొందరగా ఎండిపోకుండా తడి గోనెపట్టాలు వేలాడదీశాడు. వీధిలో అందరూ ఇదేం అలంకారం అన్నారులెండి.

ఇక పిట్టగోడ మీది పలకల అతుకులు చూడాలి. నీళ్లు దిగేది ఎక్కువగా అక్కడినుంచే. చలి ముదరకముందే చేయించాలి. లోపల చేరిన నీళ్లు గడ్డకడితే ఉబ్బి గోడని చీల్చేస్తాయి. పక్కవాళ్లని కూడా అడిగాను, ఒకేసారి చేయించేద్దామన్నారు.